ఇంటి బీదలా, దూరపు సువార్తా?

(శతవార్షికోత్సవ సభలలో రెండవ దినమున చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో స్తోత్రములు చెల్లించుట తగినదే. నిన్నటి దినమున పెద్దలు ఆ పని చక్కగా నెరవేర్చిరి. ఈ ఉదయము మేము ఒక తగవును మీ ముందుంచగోరుచున్నాము. ఇది వేదాంత కళాశాలలో నేర్చుకొన్నది కాదు, మా పాస్టరేటు కమిటీ బల్లయొద్ద పుట్టినది.

మా సంఘము కోతపండుగ కానుకలలో పదియవ వంతు ఒడిశా కొండలలో పనిచేయు ఒక సువార్తికుని పోషణకు పంపుట చాలకాలముగా వచ్చుచున్న వాడుక. మొన్నటి పండుగలో గుమ్మడికాయలు, కోళ్ళు వేలము వేయగా వచ్చిన సొమ్ము లెక్కించుకొని కూర్చుండగా ఒక పెద్దగారు లేచిరి. "అయ్యగారూ, మన వీధి చివర ఆ మేస్త్రికి కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పట్నం పోతున్నాడు. బస్సు ఛార్జీలకు భార్య గొలుసు తాకట్టు పెట్టారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈ ఏడు ఆ డబ్బు ఇక్కడే ఇద్దాం" అనిరి. అంతట మన బడిలో పనిచేయు ఒక పంతులమ్మ, "మనకు మాత్రం ఎవరు పంపారు తాతగారూ? మన మొహం కూడా చూడనివాళ్ళే గదా!" అనెను. ఇంకొకరు, "ఆ మేస్త్రి మన సంఘస్థుడు కాడే" అని మెల్లగా గొణిగిరి. ఆ మాట విని మేము సిగ్గుపడితిమి. ఆ రాత్రి తీర్మానమేమియు కాలేదు.

పంతులమ్మ మాటలో చరిత్ర ఉన్నది. 1836లో ప్రారంభమైన అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను నెల్లూరులో ఏండ్ల తరబడి పనిచేసినను ఫలము వ్రేళ్ళమీద లెక్కపెట్టదగినంతే. 1853లో ఆల్బనీ పట్టణమున కూడిన వారి మహాసభలో ఈ పనిని మూసివేయుదమా అను చర్చ వచ్చినది. పటములో ఒంటరి నక్షత్రమువలెనున్న ఆ ఒక్క స్టేషనును విడువకూడదని చివరకు నిశ్చయించిరి. ఆ దినమున లెక్కల పుస్తకమే గెలిచియుండిన యెడల తెలుగు క్రైస్తవుల చరిత్ర వేరుగా నుండెడిది. మన డోర్నకల్ సంగతి యంతకన్న దగ్గరిది. 1903లో తిరునెల్వేలి సంఘస్థులు తమ స్వంత డబ్బుతో ఇండియన్ మిషనెరీ సొసైటీని స్థాపించిరి. అజరయ్యగారు 1909లో దాని మిషనెరీగా డోర్నకల్ వచ్చి, 1912లో బిషప్పుగా అభిషేకింపబడిరి. తిరునెల్వేలివారికి తెలుగుదేశము పరదేశమే. భాష వేరు, ప్రభుత్వము సహా వేరు, అప్పటికి డోర్నకల్ నైజాములోనిది. వారి యూళ్ళలో బీదలు లేకనా పంపిరి?

మన తెలుగువారును పంపినవారే. అదే 1903లో నెల్లూరు బాప్టిస్టు సంఘములవారు జాన్ రంగయ్యగారిని సముద్రము దాటించి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపిరి. ఒప్పంద కూలీలుగా చెరకు తోటలకు పోయిన తెలుగువారి నడుమ ఆయన సంఘము కట్టెను. పంపినవారు ధనికులు కారు. ఇల్లు గెలుచుట పూర్తియైన తరువాత రచ్చకు పోదుమని వారు కూర్చుండియుండిన యెడల నేటికిని కూర్చుండియే యుందురు.

అయినను పెద్దగారి మాటను త్రోసివేయరాదు. ఒంగోలులో క్లౌ దొరగారు చేసిన పని చూడుడి. 1876–78 కరవులో ఆయన బకింగ్‌హాం కాలువలో కొంత భాగము త్రవ్వించు కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి దొరకునట్లు చేసిరి. కూటికొరకు మతములో చేరిరను మాట రాకుండ, ఆ కరవు దినములలో బాప్తిస్మమిచ్చుటయే నిలిపివేసిరి. కరవు తీరిన పిమ్మట 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మన ప్రసంగీకులు (మేమును) మరి మరి చెప్పుదుము. కాలువ సంగతి అంతగా చెప్పము. మన్ను మోసిన తట్టను విడిచి ఆ సంఖ్యను పట్టుకొనుట సరికాదని మా యభిప్రాయము.

దూరమున కిచ్చుటలో ఒక సుళువున్నది. దూరపు బీదవాడు మనయొద్ద అప్పు అడుగడు, కమిటీ ఎన్నికలలో ఎదుటి పక్షమున ఓటు వేయడు, సారా త్రాగి మన అరుగుమీద పడుకొనడు. ఇంటి ప్రక్కనున్నవాని సంగతి అట్లు కాదు.

మా స్వంత తప్పిదమును ఇక్కడ చెప్పవలసియున్నది. మా స్త్రీల మైత్రి సమాజమువారు ఇంటింట పిడికెడు బియ్యము కూర్చుదురు. వంట వేళ ఒక గుప్పెడు ప్రక్కకు తీసి, ఆదివారము సంచిలో పోయుదురు. ఆ బియ్యము అమ్మిన సొమ్మును సువార్తకు పంపి, మేము ప్రసంగ పీఠమునుండి ఘనముగా ప్రకటించితిమి. ఆ సంచి ఒక్క వారమైనను తప్పని ఒక విధవరాలు జబ్బుపడగా మా ఇంటి అమ్మగారు చూడబోయిరి. రేషను బియ్యపు డబ్బాలో అడుగున రెండు సోలలున్నవట. ఆమె కొన్ని నెలలుగా ఒంటిపూట తినుచు, ఆ ఒక్క పూటలోనుండియే గుప్పెడు తీయుచుండెను. ఎన్ని కిలోలు వచ్చెనో మేము తూచితిమి గాని, ఎవరి కుండలోనుండి వచ్చెనో అడుగలేదు.

ఇకమీదట నీవు ఇయ్యనక్కరలేదని మేము వెళ్ళి చెప్పగా ఆ అవ్వ కోపపడెను. "నా గుప్పెడు ఆపకండి అయ్యగారూ. నేనూ పంపినదాన్నే. నాకు పెట్టాలనుంటే మీ పండగ భోజనాల్లోంచి పెట్టండి" అనెను.

ఆ మాట విన్న తరువాత మేము లెక్కల పుస్తకము మరల తెరచితిమి. ఒడిశాకు పోవునది పదియవ వంతు. బీదల నిధికి అంతకన్న తక్కువ. మిగిలినదంతయు షామియానాలు, మైకుసెట్లు, విద్యుద్దీపాల తోరణములు, విందు, మా పార్సనేజి రంగులు. ఇంటివారికా దూరమువారికా అని మనము తగవులాడునది ఆ రెండు చిన్న పద్దులను గూర్చియే. పెద్ద పద్దు జోలికి ఎవరును పోవుటలేదు. ఈ శతవార్షిక సంచికలో మా ఫోటో ముద్రించుటకును ఖర్చు అయియుండును గదా!

అంతియొకయ సంఘమును చూడుడి. యూదయలో కరవని విని, ప్రతివాడును తన శక్తికొలది సహాయము పంపెను. దానిని మోసికొనిపోయినవారు బర్నబా, సౌలు. తరువాత సువార్తకై ఆ సంఘము ప్రత్యేకించి పంపినదియు ఆ యిద్దరినే. అక్కడ మిషను ఒక కమిటీ, ధర్మము ఇంకొక కమిటీ అను భేదము కానరాదు.

కాబట్టి మా కమిటీ ముందు మేము పెట్టిన ప్రతిపాదన ఇది: ఒడిశాకు పంపు పదియవ వంతును ముట్టకూడదు. అంతే మొత్తమును మన వీధులలోని రోగులకు, విధవరాండ్రకు, వారు ఏ మతస్థులైనను, ప్రత్యేకింపవలెను. ఆ సొమ్ము విందు పద్దులోనుండియు, పార్సనేజి పద్దులోనుండియు రావలెను. పెద్దగారు వెంటనే ఒప్పుకొనిరి. పంతులమ్మయు ఒప్పుకొనెను. విందు సంగతి వచ్చునప్పటికి మాత్రము మరి యిద్దరు, వచ్చే నెల చూతమనిరి. ఈలోగా మేస్త్రి బస్సు ఛార్జీలు మా కోశాధికారిగారు తమ జేబులోనుండి ఇచ్చుచున్నారు. వచ్చే నెల మొదటి గురువారము కమిటీ మరల కూడును.