గగనయానములో జి.పి.ఎస్.

విశాఖపట్టణమునుండి హైదరాబాదుకు విమానములో వచ్చునపుడు క్రింద మెరసినది గోదావరియా, మరియొక యేరా? అరచేతిలోని జి.పి.ఎస్. గ్రాహకయంత్రము ఆ సందేహము తీర్చును. మీ యింటి రేడియోవలెనే అది వినునదే గాని పలుకునది కాదు. అయినను ముందుగా విమానసిబ్బంది అనుమతి పొందవలెను, వలదన్నచో ఆపివేయవలెను.

20,000 కిలోమీటర్లకు పైనుండి ఉపగ్రహములు పంపు సంకేతములు మిక్కిలి బలహీనములు. విమానపు లోహపుగోడను దాటలేవు. కావున కిటికీ ప్రక్కన కూర్చొని, యంత్రమును అద్దమునకు చేరువగా పట్టుకొనవలెను. కనీసము 4 ఉపగ్రహములు అందినగాని స్థానము, ఎత్తు సరిగా తేలవు.

కొన్ని యంత్రములు గాలి ఒత్తిడినిబట్టి ఎత్తు చెప్పును. విమానము 10,000 మీటర్ల ఎత్తున ఎగురుచున్నను, లోపలి ఒత్తిడిని చూచి అవి సుమారు 2,000 మీటర్లే అనును. అచ్చట ఉపగ్రహముల లెక్కనే నమ్మవలెను.

పటమును ఇంటివద్దనే యంత్రములో ఎక్కించుకొన్నచో, క్రింది నేల పేరులేని మట్టిగా గాక మన యేళ్లుగా, ఊళ్లుగా కనబడును.