కవర్లో టీ, డబ్బాలో నీళ్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నన్ను ప్లాస్టిక్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను. ఈ బడిలోనే చదువుకుని, టెక్కలి చుట్టుపక్కల ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా అన్నయ్య ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు చూసుకునేవాడు. కిడ్నీలు పాడై, మూడేళ్లు డయాలసిస్ మీద బతికి వెళ్లిపోయాడు. దినకార్యం నాడు వదిన అడిగింది: "ఈ డబ్బా నీల్లేనేటి బాబూ, మీ అన్నయ్యని తినేసింది?"

"తెలీదు వదినా" అన్నాను. ఇప్పటికీ అదే జవాబు. నీళ్లు, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి మాత్రలు అన్నింటినీ అనుమానించారు గానీ ఉద్దానం జబ్బుకు కారణం ఇదీ అని ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. తేల్చవలసిన పని అలాంటి చోట్లది. ప్లాస్టిక్ భయంతో శుద్ధి చేసిన నీళ్లు మాని బోరు నీళ్లకు పోవద్దు.

మరి తెలిసిందేమిటి? 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ముక్కల్ని మైక్రోప్లాస్టిక్ అంటారు. మన తీరంలో వదిలేసిన నైలాన్ వలలు ఎండకు, అలలకు నలిగి అలాగే అవుతాయి. 2022లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ కనబడింది. 2024లో ఇటలీ డాక్టర్లు మెడ రక్తనాళాల నుంచి తీసిన కొవ్వు పూడికను పరీక్షించారు. 257 మందిలో 150 మందికి అందులో పాలిథిన్ ఉంది. దాదాపు మూడేళ్లలో గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు వాళ్లకు నాలుగున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. ప్లాస్టిక్కే కారణమని ఆ డాక్టర్లూ అనలేదు. రెండూ కలిసి కనిపించాయన్నారు, అంతే.

రుజువు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. వేడి తగిలితే ప్లాస్టిక్ ఎక్కువ రాలుతుంది. పేపరు కప్పుకు లోపల ఉండేది పల్చని ప్లాస్టిక్ పొరే. అందులో 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు పావుగంట ఉంచితే 25,000 దాకా రేణువులు చేరతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు లెక్కగట్టారు. అన్నయ్య డయాలసిస్ రోజుల్లో వేడి టీని పాలిథిన్ కవర్లో కట్టించి తెచ్చి, ఆయన ముందు పెట్టినవాణ్ణి నేనే. సైన్సు మాస్టారిని! ఆ తప్పు నాది.

అందుకే మూడు మాటలు. వేడివేడి టీ, సాంబారు స్టీలు క్యానులోనే తెచ్చుకోండి. డబ్బా నీళ్లు ఎండలో నిలవబెట్టకండి. ఇంటికి రాగానే బిందెలోకో కుండలోకో వంపుకోండి. పాలిథిన్ కవర్లు పొయ్యిలో, పెరట్లో కాల్చకండి.

ఈ మధ్యాహ్నం మన భోజనాలకు పేపరు గ్లాసులు తెప్పించారని విన్నాను. బడి వంటగదిలో స్టీలు గ్లాసులున్నాయి. కడగడానికి మా బ్యాచ్ సిద్ధం. నాతో పాటు ఎవరొస్తారు?