ఠాణా కాయితం ఎవరిది?

(మడికొండ సభలో ఒక న్యాయవాది ప్రసంగం)



మెట్టుగుట్ట కింద, కాళోజీ పెరిగిన ఊళ్లో నిలబడి మాట్లాడుతున్నాను. పోలీసు రికార్డులు జనం చూడొచ్చా, కూడదా అన్న విషయం చెప్పమన్నారు. ఆ విషయానికీ ఈ ఊరికీ ఒక చుట్టరికం ఉంది. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

1975 జూలై 25. ఎమర్జెన్సీ వచ్చి సరిగ్గా నెల. మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు తూటాలకు చనిపోయారు. వాళ్లలో సురపనేని జనార్దన్ మన వరంగల్ ఆర్‌ఈసీ విద్యార్థి. ఇవాళ దాన్ని ఎన్‌ఐటీ అంటున్నాం. పోలీసుల కాగితంలో అది ఎదురుకాల్పులు. 1977లో ఎమర్జెన్సీ పోయాక వి.ఎం. తార్కుండే అధ్యక్షతన ఒక పౌర కమిటీ ఊళ్లు తిరిగి, సాక్షుల్ని కలిసి, ఆ పిల్లల్ని చెట్లకు కట్టి కాల్చారని తేల్చింది. న్యాయవాది కన్నబిరాన్ ఆ కమిటీకి వెన్నెముక. సభ్యుల్లో ఒకరు మన కాళోజీ నారాయణరావు. ఆయన్ను ఏటా సెప్టెంబర్ 9న భాషాదినం నాడు తలుచుకుంటాం, దండ వేస్తాం. కానీ ఎవరో కన్న పిల్లలు ఎట్లా చచ్చిపోయారో తెలుసుకోవడానికి ఆ మనిషి ఆ వయసులో తిరిగిన తిరుగుడు మన తలపుల్లో ఉండాల్సినంతగా లేదు.

ఆ కమిటీ తెచ్చిన ఒత్తిడికి ప్రభుత్వం జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిషన్ వేసింది. బహిరంగ విచారణ మొదలైంది. పోలీసు అధికారుల్ని బోనులో నిలబెట్టి కన్నబిరాన్ ప్రశ్నలడుగుతుంటే జనం విన్నారు, పత్రికలు రాశాయి. కొంత దూరం నడిచాక ఇక మీదట విచారణ తలుపులు మూసుకొని జరగాలన్నారు. పౌరహక్కుల పక్షం తప్పుకుంది. పని పూర్తికాకుండానే కమిషన్ కథ ముగిసింది. తలుపులు తెరిచి ఉన్నన్నాళ్లే ఆ కమిషన్‌కు ప్రాణం ఉందని నేను అనుకుంటాను.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. ఠాణాలో ఉండే కాగితాలు అన్నీ ఒక్క జాతివి కావు. కొన్ని మన గురించినవి. ఎవరింట్లో గొడవ జరిగింది, ఏ ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగింది, ఎవరి మీద అనుమానం ఉంది అన్నవి. మరికొన్ని పోలీసుల గురించినవి. ఎవర్ని ఎన్ని గంటలకు పట్టుకొచ్చారు, ఎవరు కాల్చారు, ఎందుకు కాల్చారు, ఫిర్యాదు ఇచ్చినా కేసు ఎందుకు కట్టలేదు అన్నవి. మొదటి రకాన్ని జాగ్రత్తగా దాచాలి. రెండోదాన్ని అడిగినవాడికల్లా చూపాలి. మన దగ్గర ఇది తలకిందులైంది. నేరం రుజువు కాని కుర్రాడి ఫొటో సాయంత్రానికల్లా ప్రెస్‌మీట్ నుంచి ఊరి వాట్సాప్ గ్రూపుల్లోకి వస్తుంది. ఆ కుర్రాణ్ణి ఠాణాలో కొట్టారా లేదా అని తెలిపే సీసీ కెమెరా దృశ్యం మాత్రం ఎంత అడిగినా బయటికి రాదు.

ఆ కెమెరాల సంగతి సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో తేల్చి చెప్పింది. దేశంలో ప్రతి ఠాణాలో లాకప్, వరండా, గేటు అన్నీ కనబడేట్టు కెమెరాలు ఉండాలి. దృశ్యాలు 18 నెలలు భద్రపరచాలి, వీలు కాకపోతే ఏడాదికి తగ్గకూడదు. గాయపడ్డవాళ్లు మానవ హక్కుల కమిషన్‌కు పోతే కమిషన్ ఆ దృశ్యాలు తెప్పించుకోవచ్చు. కాబట్టి మీ మనిషికి ఠాణాలో దెబ్బలు తగిలాయనిపిస్తే ఆ వారంలోనే, తేదీ, సమయం రాసి, ఆ దృశ్యాలు చెరపొద్దని అర్జీ పెట్టండి. ఆర్నెల్లు ఆగితే, ఏ డబ్బాలో ఏముందో ఎవరికీ తెలియదంటారు.

ఎఫ్ఐఆర్ విషయంలో మాత్రం మనం గెలిచాం. 2016 సెప్టెంబర్ 7న యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు, ఎఫ్ఐఆర్ నమోదైన 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలంది. నెట్ సరిగా లేనిచోట 72 గంటల దాకా వెసులుబాటు ఇచ్చింది. లైంగిక నేరాలు, తీవ్రవాదం లాంటి సున్నితమైన వాటిని మినహాయించింది. ఆ మినహాయింపు సబబే. బాధితురాలి పేరు ఊరంతా తెలియడం న్యాయం కాదు. చార్జిషీటు దగ్గరికి వచ్చేసరికి అదే కోర్టు 2023 జనవరి 20న సౌరవ్ దాస్ కేసులో వేరే మాట అంది. అది బహిరంగ పత్రం కాదు, వెబ్‌సైట్లో పెట్టనవసరం లేదని. ఆ తీర్పు నాకు సగమే నచ్చింది. సాక్షుల పేర్లు, ఇంటి చిరునామాలు ఎల్లకాలం నెట్‌లో ఉండకూడదన్నది నిజం. కానీ చనిపోయినవాడి తండ్రి ఆ కాగితం కోసం కాళ్లరిగేలా తిరగాల్సి వస్తే?

ఆ తండ్రి నా దగ్గరికే వచ్చాడు. మూడేళ్ల కిందటి మాట. కొడుకు రాత్రిపూట లారీ కింద పడి పోయాడు. పరిహారం ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో వేయాలని చట్టం మారిన రోజులు. ఫిర్యాదు ఇచ్చింది దారినపోయే మనిషి కాబట్టి, అప్పటి చట్టం ప్రకారం ఎఫ్ఐఆర్ ఉచిత నకలు ఆ దారినపోయేవాడికే ఇస్తారు, తండ్రికి ఇవ్వరు. మా జూనియర్ ఫోనులో వెతికి రెండు నిమిషాల్లో ఎఫ్ఐఆర్ తీశాడు. ముసలాయన ఆ అద్దం మీద కొడుకు పేరు చూసి, వేలితో తడిమి, "గిది గింత తేల్కనా సారూ, నేను తొమ్మిదిసార్లు పోయిన" అన్నాడు. మిగతావి, అంటే శవపంచనామా, ప్రమాదస్థలం నక్షా, వెబ్‌సైట్లో ఉండవు. సమాచార హక్కు కింద పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి అర్జీ పెట్టించాను.

ముప్పై రోజులకు జవాబొచ్చింది. ఆ కాగితం నా కళ్లముందు ఇప్పటికీ ఉంది. ముందే అచ్చేయించిన ఫారం. మధ్యలో చుక్కల గీత. ఆ గీత మీద నీలం బాల్‌పెన్నుతో "8(1)(హెచ్)" అని రాసి ఉంది. కింద వంకరగా ఊదారంగు ముద్ర. అంతే. ఒక మనిషి చావు గురించి అడిగితే ఒక సెక్షన్ నంబరు రాసి పంపారు. ముసలాయన "గీ అంకెలకు అర్థమేంది?" అని అడిగాడు. "దర్యాప్తుకు అడ్డం వస్తుందట" అని చెప్పాను. "లారీ డ్రైవర్ దొరికిండు గద, ఇంక దేనికి అడ్డం?" అన్నాడు.

నా ముప్పై ఏళ్ల వకీలు బతుకులో ఆ సెక్షన్ మీద ఇంతకంటే మంచి వాదన నేను వినలేదు. ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్ సింగ్ కేసులో చెప్పింది కూడా ఇదే. దర్యాప్తు నడుస్తోందన్న ఒక్క కారణంతో కాగితం నిరాకరించకూడదు. ఆ కాగితం ఇస్తే దర్యాప్తు ఎట్లా చెడుతుందో అధికారి చూపాలి. చట్టంలోనే 19(5) సెక్షన్ ఉంది: నిరాకరించడం న్యాయమేనని రుజువు చేసే బరువు అధికారిదే, అడిగినవాడిది కాదు. పదో సెక్షన్ ఉంది: దాచాల్సిన పేరు ఉంటే ఆ పేరు వరకు కప్పేసి మిగతాది ఇవ్వాలి. ఆ చుక్కల గీత ఫారంలో వీటికి చోటే లేదు.

మొదటి అప్పీలు వేశాం. అదే జవాబు. రెండో అప్పీలు రాష్ట్ర సమాచార కమిషన్‌కు పోవాలి. 2023 ఫిబ్రవరిలో చివరి కమిషనర్ల పదవీకాలం అయిపోయాక తెలంగాణ కమిషన్‌లో కుర్చీలన్నీ ఖాళీ. ఆఫీసు ఉంది, సిబ్బంది ఉన్నారు, అప్పీళ్లు తీసుకున్నట్టు రసీదులిచ్చారు, వినేవాడు లేడు. సమాచార హక్కు చట్టం చచ్చిన అక్షరంగా మారుతోందని ఆ ఏడాది అక్టోబర్‌లో సుప్రీంకోర్టే వాపోయింది. మన దగ్గర ముఖ్య కమిషనర్ నియామకం జరిగింది 2025 మేలో. రెండేళ్లు దాటింది. చివరికి ఆ తండ్రికి కాగితాలు దొరికింది మేజిస్ట్రేట్ కోర్టులో నకలు దరఖాస్తు పెట్టి. ఠాణా ఇవ్వని కాగితాన్ని కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో గుమస్తా ముద్రేసి చేతిలో పెట్టాడు. ఆ దారి మీరూ గుర్తుపెట్టుకోండి. ఇంకో మంచి మార్పు కూడా ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకే కాదు, బాధితులకూ ఉచితంగా ఇవ్వాలి. బాధితులంటే చనిపోయినవాళ్ల వారసులు కూడా.

ఎన్‌కౌంటర్ల దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే పేచీ అంతా అక్కడే ముదురుతుంది. 2006లో నల్లమలలో జరిగిన ఎన్‌కౌంటర్ మీద వేసిన వ్యాజ్యంలో, కాల్చిన పోలీసుల పేర్లు చెప్పాలా వద్దా అన్న ప్రశ్న ఉమ్మడి హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ముందుకొచ్చింది. 2009 ఫిబ్రవరి 6న వాళ్లు, ప్రతి ఎన్‌కౌంటర్ చావుకూ కేసు నమోదు చేయాలి, దర్యాప్తు అధికారికి ఆ పేర్లు చెప్పకుండా దాచే హక్కు ప్రభుత్వానికి లేదు అన్నారు. నెల తిరిగేసరికి సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. పదేళ్ల తర్వాత, 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు చనిపోయినప్పుడు జనం పూలు చల్లారు. నాకు ఆ పూలు గుర్తున్నాయి, ఆ చెల్లెలి తల్లిదండ్రుల దుఃఖమూ గుర్తుంది. ఆ కాల్పుల మీద వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022 జనవరిలో సుప్రీంకోర్టుకు నివేదిక ఇచ్చింది. దాన్ని సీల్డ్ కవర్‌లోనే ఉంచమని రాష్ట్రం కోరింది. మే 20న జస్టిస్ ఎన్.వి. రమణ ధర్మాసనం ఒప్పుకోలేదు. దాచడానికి ఏమీ లేదంటూ కవర్ విప్పించింది. చంపాలనే కాల్చారు, పదిమంది పోలీసుల మీద విచారణ జరగాలి అన్న మాట అప్పుడు గానీ మనకు తెలియలేదు. భార్గవ కమిషన్ రోజుల్లో మూసిన తలుపు ఇన్నేళ్లకు ఒక తెలుగు న్యాయమూర్తి చేతి మీదుగా కొంచెం తెరుచుకుంది.

ఇప్పుడు ఇంకో తలుపు మూస్తున్నారు. డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పేరుతో సమాచార హక్కులోని 8(1)(జె)ను మార్చేశారు. 2025 నవంబర్‌లో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. మునుపు వ్యక్తిగత సమాచారమైనా, ప్రజల మేలు పెద్దదైతే ఇవ్వమని ఆ సెక్షన్‌లోనే ఉండేది. ఇప్పుడు "వ్యక్తిగతం" అంటే చాలు, ఆపేయొచ్చు. రేపు ఒక ఎస్సై మీద శాఖాపరమైన విచారణ ఏమైందని అడిగితే అది ఆయన వ్యక్తిగతం అంటారు. కానీ 8(2) ఇంకా చట్టంలో ఉంది. దాచడం వల్ల కలిగే మేలు కన్నా చెప్పడం వల్ల కలిగే మేలు పెద్దదైతే ఇవ్వాల్సిందేనని ఆ సెక్షన్ అంటుంది. కనుక అర్జీలోనే, మొదటి రోజే, ఏ మేలు కోసం అడుగుతున్నారో రెండు వాక్యాలు రాయండి.

సభ అయ్యాక నేను ఈ అరుగు మీదే కూర్చుంటాను. తెల్లకాగితాలు, పది రూపాయల స్టాంపులు కొన్ని తెచ్చాను. మీ ఇంట్లో పెట్టె అడుగున అట్లాంటి చుక్కల గీత జవాబు ఏదైనా ఉంటే పట్టుకురండి. వచ్చిన తేదీ చూద్దాం. ముప్పై రోజులు దాటకపోతే మొదటి అప్పీలు ఇవాళే రాసేద్దాం.