ఇద్దరిని వదిలి వెళ్ళని జట్టు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శిగారు. హైదరాబాదు ఫుట్‌బాల్ గురించి, రహీం సాహెబుగారి గురించి మీలో చాలామందికి నాకన్నా ఎక్కువే తెలుసు. అందుచేత 1951 నాటి ఒక అమెరికా కాలేజీ జట్టు సంగతి చెబుతాను.

అక్కడి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదండీ. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చంకన పెట్టుకొని పరుగెత్తాలి. ఎదుటివాళ్ళు కబడ్డీలో మాదిరి పట్టి పడేస్తారు. మరి పేరులో ఫుట్ ఎందుకుందో నన్నడగవద్దు!

శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం జెసూట్ పాదిరీలు నడిపే విద్యాసంస్థ. పెద్ద పేరున్న జట్టేమీ కాదు. శిక్షకుడు జో కుహారిచ్. ఆ ఏడు తొమ్మిది పోటీలాడి తొమ్మిదీ గెలిచారు. న్యూయార్కు వెళ్ళి ఫోర్డ్‌హామ్ జట్టును 32-26 తేడాతో ఓడించారు. చివరి ఆట పాసడీనాలోని రోజ్ బౌల్ మైదానంలో. లయోలాపై 20-2 గెలుపు. ఆలీ మాట్సన్ అనే కుర్రవాడు ఆ సీజనులో బంతితో 1,566 గజాలు పరుగెత్తాడు. దేశం మొత్తం మీద కాలేజీ ఆటగాళ్ళలో అదే ఎక్కువ. ఎదుటివాళ్ళను ఆపటంలో బర్ల్ టోలర్ దిట్ట. ఇద్దరూ నల్లజాతివారే. మాట్సన్ పుట్టింది టెక్సాస్‌లో, టోలర్ మెంఫిస్‌లో. అంటే దక్షిణాది పద్ధతులు ఎలాంటివో ఇద్దరికీ ఒకరు చెప్పనక్కరలేదు.

సీజను ముగిశాక మంచి జట్లను 'బౌల్' పోటీలకు పిలుస్తారు. పిలుపు వస్తే పేరూ, దానితోపాటు డబ్బూ. ఈ కాలేజీకి డబ్బు అవసరం చాలా ఉంది. ఫుట్‌బాల్ ఖాతా నష్టాల్లో నడుస్తోంది. మయామీలో జరిగే ఆరెంజ్ బౌల్‌కు వెళ్ళవచ్చు, కాని ఆ ఇద్దరినీ ఇంటి దగ్గర వదిలి రావాలి అని కబురందిందట. ఆటగాళ్ళు తర్వాతి కాలంలో చెప్పిన మాట ఇది. జట్టంతా ఒక్క గొంతుతో కాదన్నది. జట్టులో ఎక్కువమంది తెల్లవాళ్ళేనని మరవకండి. వెళ్ళివుంటే వాళ్ళ ఫొటోలు దేశమంతటా పత్రికల్లో పడేవి. ఇరవై ఏళ్ళ వయసులో ఆ ఆశ చిన్నదేమీ కాదు.

1952 జనవరి 1న ఆరెంజ్ బౌల్‌లో వేరే జట్లు ఆడుకున్నాయి. ఈ కాలేజీ ఫుట్‌బాల్‌నే ఎత్తివేసింది. నష్టాల వల్ల అది ఎలాగూ జరిగేదేమో, కాని ఆ బౌల్ డబ్బు వచ్చివుంటే అన్న మాట మిగిలిపోయింది.

మాట్సన్ అదే ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం, రిలేలో వెండి పతకం తెచ్చాడు. తర్వాత వృత్తి ఆటగాడిగా వెలిగాడు. టోలర్‌కు మాత్రం ఆ ఏడే మోకాలు దెబ్బతిని ఆట ముగిసింది. నాకు ఎక్కువ నచ్చినవాడు ఆయనే. బడిపంతులై, ప్రధానోపాధ్యాయుడై, శాన్‌ఫ్రాన్సిస్కోలోనే పిల్లలకు చదువు చెప్పాడు. 1965లో జాతీయ ఫుట్‌బాల్ లీగు ఆయనను మైదానంలో తీర్పరిగా తీసుకున్నది. ఆ ఉద్యోగంలో మొదటి నల్లజాతి మనిషి ఆయనే. 1980 జనవరిలో ఆ లీగు చివరి పోటీ, సూపర్ బౌల్ అంటారు, దానిలోనూ చారల చొక్కా వేసుకొని నిలబడ్డాడు. పోటీ జరిగింది పాసడీనాలో, 1951లో ఆయన జట్టు చివరి ఆట ఆడిన ఆ రోజ్ బౌల్ మైదానంలోనే.