గాజు కడ్డీకి సైకిల్ ట్యూబు ముక్క

(స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



జపాన్ గాజు పనితనం గురించి మాట్లాడమని సంఘం వారు అడిగారు. నేను కళాకారుణ్ని కాను. ముప్పై ఏళ్లు పంపులు, వాల్వుల మధ్య గడిపిన మెకానికల్ ఇంజనీరుని. 2019లో కంపెనీ పని మీద మూడు వారాలు టోక్యోలో ఉన్నాను. అక్కడ ఆదివారాలు తిరిగి చూసినవే చెబుతాను. చివర్లో నేనొక తప్పు కూడా ఒప్పుకోవాలి. అందుకే కాస్త ఓపిక పట్టండి.

మొదటి ఆదివారం అసకుసలో నడుస్తుంటే ఒక కొట్టు ముందు 'టప్'మని చప్పుడైంది. తిరిగి చూస్తే మన గోలీసోడా! అక్కడ దాన్ని రామునే అంటారు. లెమనేడ్ అన్న మాటే వాళ్ల నోట అలా మారింది. నాంపల్లి స్టేషన్ బయట బండి దగ్గర మనం బొటనవేలితో గోలీ నొక్కి తాగిన సీసాకు, దానికి మూలం ఒకటే. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1870లలో దానికి పేటెంట్ తీసుకున్నాడు. లోపలి గ్యాస్ ఒత్తిడే గోలీని పైకి నెట్టి, మెడలో ఉన్న రబ్బరు రింగుకు అదిమి పెడుతుంది. మెడ దగ్గరి రెండు నొక్కులు అందానికేనని చిన్నప్పుడు అనుకునేవాణ్ని. సీసా వంచినప్పుడు గోలీ జారి వచ్చి దారి మూసెయ్యకుండా ఆపేవి అవే. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు టోక్యో దాకా విమానం టికెట్టు పట్టింది.

రెండో ఆదివారం సుమిద ప్రాంతంలో ఎదో కిరికో చేసే చిన్న కార్ఖానాకు వెళ్లాను. ఎదో అంటే టోక్యో పాత పేరు. కిరికో అంటే చెక్కిన గాజు. 1834లో కగయా క్యూబే అనే వ్యాపారి దీన్ని మొదలుపెట్టాడంటారు. 1881లో ఎమాన్యుయేల్ హాప్ట్‌మన్ అనే ఇంగ్లండ్ నిపుణుణ్ని పిలిపించుకుని పద్ధతి మెరుగుపరచుకున్నారు. రంగులేని గాజు మీద పలచగా నీలం పొరో ఎరుపు పొరో ఉంటుంది. తిరిగే చక్రానికి గ్లాసును ఆనిస్తే పై పొర పోయి లోపలి రంగులేని గాజు బయటపడుతుంది. చక్రం గ్లాసు కిందివైపున ఉంటుంది. పనివాడు గ్లాసు లోపలి నుంచి చూస్తూ బయట చెక్కుతాడు. చేప గుడ్లు, జనపాకు, బుట్ట అల్లిక, ఇవీ వాళ్ల నమూనాలు. నుమాయిష్‌లో ఫిరోజాబాద్ గాజుల కొట్ల ముందు అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్లవాడిలా కదలకుండా చూశాను. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. నా గీత పక్కకు పోయింది. అక్కడి పెద్దాయన నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి, ఆ పక్కనే ఇంకో గీత గీయించాడు. ఆ గ్లాసు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

అయితే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది హోటల్ బల్ల మీది సోయాసాస్ సీసా. 1961లో కిక్కోమన్ కంపెనీ కోసం ఎకువాన్ కెంజీ అనే డిజైనరు దాన్ని రూపొందించాడు. పెద్ద సీసాలోంచి చిన్న సీసాలోకి సాస్ వంచడానికి తల్లి పడే అవస్థ ఆయన చిన్నప్పుడు చూశాడట. అందుకే పట్టు దొరికే సన్నటి మెడ, దొర్లిపోని వెడల్పు అడుగు పెట్టాడు. మూతి కొమ్మును పైనుంచి లోపలికి వాలుగా కోయడంతో ఆఖరి చుక్క సీసా మీదుగా కారదు. ఇవాళ నేను మెట్రోలో వచ్చి నాంపల్లిలో దిగాను. చూపులేని వారి కోసం వేసిన పసుపు పలకలు కాలికి తగిలాయి. అవీ జపాన్ నుంచే వచ్చాయి. మియాకే సెయిచి 1965లో కనిపెట్టగా, 1967లో ఒకయామాలో అంధుల పాఠశాల దగ్గర మొదటిసారి వేశారు. గీతలుంటే నడవమని, చుక్కలుంటే ఆగి చూసుకోమని అర్థం.

ఎదుటివాడి చెయ్యి ఎక్కడ జారుతుందో, కాలు ఎక్కడ తడబడుతుందో ముందే ఊహించడం. ఇది నేను మొదట చూసింది జపాన్‌లో కాదు, మన కెమిస్ట్రీ ల్యాబ్‌లో. మన ల్యాబ్ అటెండర్ అన్న మీ అందరికీ గుర్తుండే ఉంటాడు. గాజు కడ్డీ తగిలి బీకర్లు పగలకుండా, పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి ప్రతి కడ్డీ చివరా తొడిగేవాడు. ఎవరూ చెప్పిన పని కాదది.

పదో తరగతిలో ఒకరోజు ఆ రబ్బరు ముక్క లాగేసి నా పెన్సిల్‌కు తొడుక్కున్నాను. వట్టి కడ్డీతో మైలుతుత్తం కలుపుతుంటే బీకర్ అడుగు పగిలింది. బల్లంతా నీలం. ఎవరు పగలగొట్టారని సారు అడిగితే నేను నోరు విప్పలేదు. "పాతది సార్, ముందే పగిలి ఉండె" అన్నాడు అన్న. మరుసటి వారం కొత్త బీకర్ వచ్చింది. అన్న నా చేతిలో ఒక ట్యూబు ముక్క పెట్టి, "పెన్సిల్‌కు ఇది పెట్టుకో బిడ్డా, కడ్డీది తియ్యకు" అన్నాడు. ఆ బీకర్ ఆయన తన జేబులోంచి కొన్నాడని చాలా ఏళ్లకు తెలిసింది. అప్పటికి ఆయన లేడు.

సార్, మీరు ఇక్కడే ముందు వరసలో ఉన్నారు. ఆ బీకర్ పగలగొట్టింది నేనే. ముప్పై తొమ్మిదేళ్లు ఆలస్యమైంది, మన్నించండి.

సంఘానికి ఒక్క మనవి. ల్యాబ్‌లో పగిలే గాజు సామాను కోసం ఒక చిన్న నిధి పెడదాం. మొదటి చెక్కు నాది. ఏ పిల్లవాడూ భయపడి అబద్ధమాడకూడదు, ఏ అటెండరూ తన జేబు తడుముకోకూడదు. ఆ నిధికి నా పేరు వద్దు, అన్న పేరు పెట్టండి.