చిల్లా స్నానం తరువాత ఒక పరీక్ష
(మహిళా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లం కాము, టీచర్లం. గర్భిణుల ఆరోగ్యం గురించి టీచర్లేం చెబుతారని మీలో కొందరికి అనిపించవచ్చు. అందుకే ఈ విషయం మా తరగతి గదిలోకి ఎలా వచ్చిందో ముందు చెబుతాం.

తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి వారంలో సగం రోజులు బడికి రావడం మానేసింది. కనుక్కుందామని ఇంటికి వెళ్లాం. తల్లికి నలభై ఏళ్లు కూడా లేవు. షుగర్ వల్ల చూపు మందగించింది, కాలి మీద పుండు మానడం లేదు. వంట, తమ్ముడి పని, అమ్మకు ఇంజెక్షను అన్నీ ఆ పిల్లే చూసుకుంటోంది. ఎప్పటి నుంచి ఈ షుగర్ అని అడిగాం. "చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు వచ్చింది టీచరమ్మా, కాన్పు కాగానే పోయింది. మూడేళ్ల కిందట మళ్లీ బయటపడింది" అంది. బీరువాలోంచి పాత కాగితాలు తీసి చూపించింది. డిశ్చార్జి కాగితం అడుగున ఒక వాక్యం ఉంది. ఆరు వారాల తరువాత షుగర్ పరీక్ష చేయించుకోవాలని. అది ఇంగ్లిషులో ఉంది. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో ఆ వాక్యం చదివినవాళ్లు లేరు.

కాన్పు కాగానే పోయిందని ఆమె అన్న మాట అబద్ధం కాదు. గర్భంలో మావి నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. దాన్ని తట్టుకోలేని శరీరంలో షుగర్ పెరుగుతుంది. మావి బయటికి వచ్చాక చాలామందికి మామూలుకు వస్తుంది. అయితే అలా వచ్చి పోయినవాళ్లకు ముందుముందు షుగర్ జబ్బు స్థిరపడే అవకాశం మిగతా తల్లులకన్నా ఏడు నుంచి పది రెట్లు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. పుట్టిన బిడ్డకు కూడా పెద్దయ్యాక స్థూలకాయం, షుగర్ వచ్చే అవకాశం పెరుగుతుంది.

గర్భంలో దీన్ని కనిపెట్టడం కష్టమేమీ కాదు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగిస్తారు, రెండు గంటల తరువాత రక్తం చూస్తారు. 140 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే షుగర్ ఉన్నట్టు. తిని వెళ్లినా ఫరవాలేదు. మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒకసారి, ఆరో నెల దాటుతుండగా మరోసారి చేయించాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆ రోజు పెళ్లో పేరంటమో ఉందని మానకండి.

ఇక తిండి సంగతి. "ఇద్దరి కోసం తినాలి" అని మన నానీమాలు చెబుతారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా కావలసింది 350 కేలరీలే. రెండో మనిషి అన్నం పళ్లెం అక్కర్లేదు. ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, కాస్త పప్పు చాలు. బెల్లం పంచదార కాదు గనుక షుగర్ చేయదని మనవాళ్లకు ఒక గట్టి నమ్మకం. బెల్లం కూడా చక్కెరే.

రంజాన్ వస్తే గర్భిణులు, పాలిచ్చే తల్లులు చాటుగా కష్టపడుతుంటారు. ఉపవాసం వాయిదా వేసుకొని తరువాత తీర్చుకునే వెసులుబాటు షరీఅత్ ఇచ్చింది. ఇన్సులిన్ తీసుకునే గర్భిణి డాక్టరును అడగకుండా రోజా పట్టడం మంచిది కాదు. ఆమెను ఆపవలసింది అత్తగారే.

కాన్పు తరువాత చిల్లా. నలభై రోజుల విశ్రాంతి మంచి ఆచారం, దాన్ని మేము తప్పు పట్టం. మంచం దిగనివ్వకుండా, మూడు పూటలా అచ్వానీ, నెయ్యి పెట్టడంతోనే పేచీ. షుగర్ వచ్చిన బాలింతకు అచ్వానీ రెండు చెంచాలు చాలు. డాక్టరు సరేనన్నాక ఇంట్లోనే పది నిమిషాలు నడవనివ్వండి. బయటికి పంపడం ఇష్టం లేకపోతే మేడ ఉంది, అస్ర్ తరువాత వెళ్లవచ్చు. బిడ్డకు పాలివ్వడం మాత్రం మానకూడదు. పూర్తిగా రెండేళ్లు పాలివ్వడం గురించి బఖరా సూరాలో ఉందని మనందరికీ తెలుసు. పాలిచ్చిన తల్లులకు తరువాత షుగర్ వచ్చే అవకాశం తగ్గుతుందని వైద్యులు కూడా అంటున్నారు.

చిల్లా నలభై రోజులు. డాక్టర్లు చెప్పే ఆరు వారాలు నలభై రెండు రోజులు. తేడా రెండు రోజులే! ఆ స్నానం తేదీని మనం ఎలాగూ మరచిపోం. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లు ఆ స్నానం అయిన వారంలోనే పరగడుపున వెళ్లి, మళ్లీ గ్లూకోజు తాగి పరీక్ష చేయించుకోవాలి. బాగుందన్నా ఏడాదికోసారి చూపించుకోవాలి. మళ్లీ నెల తప్పితే మొదటి రోజే ఈ సంగతి డాక్టరుకు చెప్పాలి. పెరిగేదాకా ఆగితే ఏమవుతుందో ఆ ఇంట్లో చూశాం.

సంస్థ పెద్దలను మేము ఒకటి అడుగుతున్నాం. కాన్పయిన పేద తల్లులకు మీరిచ్చే సంచిలో చిల్లా స్నానం తేదీ రాసిన ఒక చీటీ పెట్టండి, తెలుగులోనూ ఉర్దూలోనూ. రాసే పని మాది. అక్కచెల్లెళ్లారా, మీ బీరువాల్లో ఉన్న పాత ఆసుపత్రి కాగితాలు తీసుకురండి. శుక్రవారం సాయంత్రం ట్యూషను పిల్లలతో మేము ఇక్కడే ఉంటాం. ఏమి రాసి ఉందో చదివి చెబుతాం. ఆ అమ్మాయి కూడా అప్పుడు ఇక్కడే ఉంటుంది. ఈ ఏడాది పదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కడుతోంది.