పెరట్లో బట్టలుతికే చోటు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించి, వైద్య ఖర్చుల గురించి చెప్పేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను ఇంటికి పనికొచ్చేది ఏదైనా చెప్పమన్నారు కనుక, పెరట్లో బట్టలుతికే చోటు గురించి చెబుతాను. నవ్వకండి. మా ఇంట్లో చెయ్యి విరిగింది అక్కడే.

విద్యుత్ శాఖలో 33 ఏళ్ళు పనిచేశాను. ఎర్తింగు లేదని ఎందరిని మందలించానో లెక్క లేదు. రిటైరయ్యాక గ్రాట్యుటీలో కొంత తీసి వాషింగ్ మెషీను కొన్నాను. పెరటి వరండాలో పెట్టి, హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగాను. మురికినీళ్ళ గొట్టం నేలమీదికే వదిలాను. షాబాదు బండల మీద సబ్బునీళ్ళు నిలిచి పాచి పట్టింది. ఒక ఉదయం మా ఆవిడ తడిబట్టల బకెట్టుతో జారి పడింది. మణికట్టు విరిగి ఆరు వారాలు పిండికట్టు. ఆవిడ పడిన చోటికి మూరెడు దూరంలో ఎక్స్‌టెన్షన్ బోర్డు నేలమీదే ఉంది. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

బాగుచేయిద్దామని ప్లాను గీశాను. అబ్బాయి టైల్సు రంగులు, అలమరలు చెప్పాడు. మేస్త్రీ అంచనా వేశాడు. అంతా అయ్యాక మా ఆవిడ, "ఇంతకీ ఉతికేది మీరా, నేనా?" అంది. ఆవిడకు కావలసినవి మూడే: కూర్చోవడానికి అరుగు, వంగకుండా బకెట్టు పెట్టుకునే దిమ్మ, చేతులెత్తకుండా బట్టలు ఆరేసుకునే ఏర్పాటు. నా ప్లానులో మూడింట్లో ఒక్కటీ లేదు. దాన్ని చించేశాను.

ముందు నేల. మీటరుకు సెంటీమీటరైనా వాలు ఉండాలి. మేస్త్రీ వెళ్ళేలోగా బకెట్టు నీళ్ళు పోసి చూడండి. జాలీలోకి పోకుండా ఎక్కడ నిలిచినా మళ్ళీ వేయించండి. నునుపు టైల్సు వద్దు, గరుకువి వేయించండి. గోడకు గట్టి కడ్డీ ఒకటి, పట్టుకోవడానికి.

తరువాత కరెంటు. మెయిన్ బోర్డు నుంచి మెషీనుకు విడిగా వైరు, 16 ఆంపియర్ల సాకెట్టు, అదీ నీళ్ళు చిందని ఎత్తున. మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను పొడుగ్గా ఉండేది ఎర్తు ముందుగా తగలాలనే; దాన్ని పీకేసి వాడకండి. "ఎం.సి.బి. ఉందిగా" అంటారు. అది వైరు కాలకుండా చూస్తుంది, అంతే. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే చాలు, రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. దాని మీద టెస్ట్ బొత్తాం ఉంటుంది; నెలకోసారి నొక్కి చూడండి.

మెషీను కొనేముందు చోటు కొలవండి. ఫ్రంట్ లోడ్ అయితే వెడల్పు, లోతు సుమారు 60 సెంటీమీటర్లు, వెనుక గొట్టాలకు మరి కాస్త. టాప్ లోడ్ అయితే మూత తెరవడానికి పైన ఖాళీ చూసుకోండి. ట్యాంకు కుళాయికన్నా 10 అడుగుల పైన ఉన్నా వచ్చే ఒత్తిడి 0.3 బార్ మాత్రమే. మెషీనుకు ఎంత కావాలో మాన్యువల్లో ఉంటుంది. మురికినీళ్ళ గొట్టం చివర కూడా అందులో చెప్పిన ఎత్తున ఉండాలి. కిందికి వదిలితే కొన్ని మెషీన్లలో నీళ్ళు నిలవక లాగేసుకుపోతాయి.

డబ్బు చాలకపోతే అలమరలు మానండి, రంగులు మానండి. ఎర్తింగు, ఆర్.సి.సి.బి., గరుకు నేల మానకండి. ఆరేసుకోవడానికి మేము కప్పుకు కప్పీలు బిగించి, తాడుతో దించుకునే కడ్డీలు పెట్టించాం. కూర్చునే బట్టలు తగిలిస్తుంది.

అన్నట్టు, పాత ఉతుకుబండను తీయించలేదు. చొక్కా కాలర్లకు మెషీను చాలదని ఆవిడ పట్టు. దాన్ని నడుమెత్తు దిమ్మ మీదికి ఎక్కించాం. ఇప్పుడు కాలర్లు ఉతికేది నేనే.